జీవశక్తి అన్వేషకుడు – యల్లాప్రగడ సుబ్బారావు

పశ్చిమగోదావరి జిల్లా వరిసాగుకు పెట్టినది పేరు. 1852లో ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువ నీరు పారిన మేరకల్లా నేల పచ్చబడింది. తాడేపల్లిగూడెం, పెంటపాడు మొదలుకొని భీమవరం వరకు, పడమట కొల్లేటి అంచుల వరకు ఎటు చూచినా వరిచేలే. అన్నానికి కరవు లేని సీమ ఇది. అయినా తిన్న అన్నం ఒంటబట్టక మనిషి కృశించిపోయే వ్యాధులు ఈ సీమనూ విడిచిపెట్టలేదు. నూరేండ్ల క్రితం స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధి అటువంటిది. పేగులు ఆహారసారాన్ని గ్రహించలేక రోగి రక్తహీనుడై నీరసించిపోయేవాడు. నేడు ఇంటింటా వినిపించే మధుమేహం మరొకటి. ఇందులో ఆహారసారం రక్తంలోనికి చేరుతుంది గాని, కణాలలోనికి సరిగా చేరదు. కడుపు నిండినా కణం పస్తుంటుంది. తిన్న అన్నం శరీరంలో శక్తిగా ఎట్లా మారుతుంది? ఈ ప్రశ్నకు సమాధానాన్ని వెతికిన ప్రపంచ శాస్త్రవేత్తలలో అగ్రశ్రేణికి చెందిన వ్యక్తి ఈ గడ్డపైనే పుట్టారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాల్గవవారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగాన్ని విడిచిపెట్టవలసి రావడంతో కుటుంబాన్ని పేదరికం చుట్టుముట్టింది. బాల్యంలో సుబ్బారావుకు చదువుపై మనసు నిలువలేదు. పదమూడేండ్ల ప్రాయంలో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరారు. పెద్దలు వెతికి వెనక్కు తీసుకొని వచ్చారు. తల్లి పట్టుదల గల ఇల్లాలు. భర్త మరణించిన తరువాత కూడ ఆమె అధైర్యపడలేదు. ఒంటిమీది బంగారాన్ని అమ్మి కుమారుని చదివించారు. రాజమహేంద్రవరంలో మొదలైన ఆయన ఉన్నత పాఠశాల చదువు మద్రాసు హిందూ హైస్కూలులో ముగిసింది. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయాలు విఫలుడై, మూడవ పర్యాయం ఉత్తీర్ణుడయ్యారు. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తి చేశారు. రెండుసార్లు తప్పిన విద్యార్థి అనంతర కాలంలో హార్వర్డు విశ్వవిద్యాలయపు పరిశోధకుడు కాగలిగారంటే అందుకు ఆ తల్లి ఓర్పే తొలి కారణం.

కళాశాలలో చదువుతున్న కాలంలో సుబ్బారావు మనసు ఆధ్యాత్మిక చింతన వైపు మొగ్గింది. రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం స్వీకరించాలని ఆయన కోరుకున్నారు. తల్లి అనుమతి లేనిదే అది వీలుపడదు. తల్లి అనుమతించలేదు. సేవ చేయదలచినవాడు వైద్యుడై కూడ సేవ చేయవచ్చునన్న మఠపు పెద్దల హితవు ఆయనను మద్రాసు వైద్య కళాశాల వైపు మళ్ళించింది. మిత్రుల తోడ్పాటుతోను, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి ఆర్థిక సహాయంతోను చదువు సాగింది. 1919లో ఆ మూర్తిగారి కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు వివాహం జరిగింది.

అవి జాతీయోద్యమం ఉవ్వెత్తున లేస్తున్న రోజులు. గాంధీజీ పిలుపును అందుకొని సుబ్బారావు ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స గదిలో తొడుక్కొనే అంగీ కూడ ఖద్దరుదే. శస్త్రచికిత్సాచార్యుడైన ఆంగ్లేయునికి అది నచ్చలేదు. పరీక్షలు బాగా వ్రాసినప్పటికీ సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రం మాత్రమే లభించింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం కోసం చేసిన ప్రయత్నం కూడ ఫలించలేదు. చివరకు మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రాన్ని బోధించే ఉపన్యాసకుడుగా చేరారు.

ఈలోగా ఆ కుటుంబంపై పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి రోజుల వ్యవధిలోనే స్ప్రూ వ్యాధికి బలి అయ్యారు. సుబ్బారావుకు కూడ అదే వ్యాధి సోకింది. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన బ్రతికి బయటపడ్డారు. కాని సోదరులను ఏ పదార్థపు లోపం బలిగొన్నది, తనను ఏ పదార్థం బ్రతికించింది అన్న ప్రశ్న ఆయనను వెంటాడింది. నాటి పాశ్చాత్య వైద్యం వద్ద గాని, దేశీయ వైద్యం వద్ద గాని దానికి కచ్చితమైన సమాధానం లేదు. దానిని వెతకడానికే సుబ్బారావు అమెరికా వెళ్ళదలచారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానన్నది. మామగారు కొంత ధనం సమకూర్చారు. గర్భవతియైన భార్యను పుట్టింట విడిచి ఆయన ఓడ ఎక్కారు. 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరంలో అడుగుపెట్టారు.

ఆ 1922వ సంవత్సరం వైద్యచరిత్రలో చిరస్మరణీయమైనది. మధుమేహం మానవజాతికి కొత్త వ్యాధి కాదు. రోగి మూత్రానికి చీమలు పట్టడాన్ని గమనించి మన ప్రాచీన వైద్యులు దానికి మధుమేహమని పేరు పెట్టారు. వ్యాధిని గుర్తించడం తెలిసినా, దానిని అదుపు చేసే మందు వేల సంవత్సరాలు దొరకలేదు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో కూడ మధుమేహం సోకిన బాలబాలికలకు వైద్యులు చేయగలిగినది దాదాపు ఉపవాసం చేయించడమే. ఆకలితో శుష్కించి వారు కొన్ని నెలలో, కొన్ని సంవత్సరాలో అదనంగా జీవించేవారు. 1921 వేసవిలో కెనడాలోని టొరంటో నగరంలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు క్లోమగ్రంథి నుండి ఇన్సులిన్‌ను రాబట్టారు. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేండ్ల బాలునికి ఆ మందును తొలిసారిగా సూదితో ఎక్కించారు. అది ఆశించినంతగా పని చేయలేదు. జేమ్స్ కొలిప్ అనే రసాయనజ్ఞుడు శుద్ధి చేసిన మందును జనవరి 23న తిరిగి ఇవ్వగా బాలుని రక్తంలోని చక్కెర దిగివచ్చింది. 1923లో ఆ ఔషధపు హక్కులను వాటిని పొందినవారు తలా ఒక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి అప్పగించారు.

సుబ్బారావు చేరిన బోస్టన్ నగరం అప్పటికే మధుమేహ చికిత్సకు పేరొందినది. ఎలియట్ జాస్లిన్ అనే వైద్యుడు అక్కడ ఉండేవారు. వ్యాధిని గురించి రోగికే బోధించాలని, చికిత్సలో రోగే ప్రధాన భాగస్వామి కావాలని ఆయన విశ్వసించారు. 1918లోనే రోగుల కోసం ఒక కరదీపికను ప్రచురించారు. ఇన్సులిన్ వచ్చిన తరువాత ఆహార నియమం, వ్యాయామం, ఇన్సులిన్ అనే మూడు గుర్రాలను పూన్చిన రథంతో మధుమేహ చికిత్సను ఆయన పోల్చారు. మూడింటినీ ఒకే పగ్గంతో నడపగలిగినవాడే గమ్యం చేరుతాడని ఆయన ఉద్దేశం. ఆహారం సంగతి మరచి సూదిని మాత్రమే నమ్ముకొన్నా, నడక మాని మాత్రలను మాత్రమే నమ్ముకొన్నా రథం ఒక ప్రక్కకు ఒరుగుతుంది.

బోస్టన్‌లో సుబ్బారావు జీవితం సుఖంగా ఆరంభం కాలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చేరడానికి, కడుపు నింపుకోవడానికి చేతిలోని ధనం చాలలేదు. రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రం చేసే పనికి ఆయన కుదిరారు. పగలు చదువు, రాత్రి కొలువు. మరుసటి ఏట స్వదేశం నుండి దుర్వార్త వచ్చింది. తాను కన్నులారా చూడని పసికందు, తన ఏకైక కుమారుడు మరణించాడు. ఆ దుఃఖాన్ని దిగమింగి సుబ్బారావు పనిలో మునిగిపోయారు. ఉష్ణమండల వైద్యంలో డిప్లమా పొందిన పిమ్మట హార్వర్డు జీవరసాయన శాస్త్ర విభాగంలో చేరారు.

ఆ విభాగానికి అధిపతి ఆటో ఫోలిన్. స్వీడన్ దేశం నుండి వలస వచ్చిన ఈ శాస్త్రవేత్త రక్తపరీక్షలకు శాస్త్రీయమైన పునాది వేసినవారిలో ముఖ్యుడు. చైనా దేశీయుడైన షియెన్ వూతో కలిసి ఆయన 1919, 1920 సంవత్సరాలలో రక్తంలోని చక్కెర మొదలైన పదార్థాలను కొలిచే పద్ధతులను రూపొందించారు. రక్తంలోని మాంసకృత్తులను తొలగించి, మిగిలిన ద్రవాన్ని రాగి లవణంతో కలిపి వేడిచేస్తే చక్కెర ఆ రాగిని క్షయకరణం చేస్తుంది. దానికి మాలిబ్డినం కలిగిన ద్రావణాన్ని చేర్చగా నీలిరంగు ఏర్పడుతుంది. రంగు ఎంత గాఢమైతే చక్కెర అంత ఎక్కువ. వైద్యుడు అంతవరకు అనుమానంతో చెప్పిన మాటను ఇక అంకెతో చెప్పగలిగాడు. రక్తంలోని చక్కెరను కొలవలేనప్పుడు ఇన్సులిన్ మోతాదును నిర్ణయించడం కూడ కష్టమే. ఎక్కువైతే చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. తక్కువైతే వ్యాధి విజృంభిస్తుంది. ఆ పద్ధతి రక్తంలోని మరికొన్ని పదార్థాలను కూడ చక్కెరగా లెక్కించి కొంచెం ఎక్కువ విలువను చూపేది. కాలక్రమంలో గ్లూకోజును మాత్రమే గుర్తించే ఎంజైము పరీక్షలు దాని స్థానాన్ని ఆక్రమించాయి. అయినా కొలిచి చూచి చికిత్స చేయాలన్న సంప్రదాయానికి బలం చేకూర్చినవి అటువంటి ప్రయోగశాలలే.

ఆ విభాగంలోనే సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి సుబ్బారావు పని చేశారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే సులభమైన పద్ధతిని వారు రూపొందించి 1925లో ప్రకటించారు. ఇందులోనూ కొలతకు ఆధారం నీలిరంగే. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతటా వ్యాపించింది. భీమవరం బాలుని పేరు జీవరసాయన పాఠ్యగ్రంథాలలో ఆ విధంగా శాశ్వతంగా చోటు చేసుకొన్నది.

ఈ కొత్త కొలబద్దతో వారు కండరాలను పరీక్షించారు. కండరం ఎట్లా పని చేస్తుందన్నది నాటి శాస్త్రజ్ఞులకు పెద్ద సమస్య. కండరంలోని చక్కెర నిల్వ విడిపోగా పుట్టే లాక్టికామ్లమే సంకోచానికి కారణమని అప్పటి భావన. కండర పరిశోధనలకు గాను ఆర్చిబాల్డ్ హిల్, ఆటో మయర్‌హాఫ్ అనే శాస్త్రవేత్తలకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి కూడ లభించింది. ఫిస్కే, సుబ్బారావులు 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే భాస్వర సమ్మేళనం ఉన్నదని ప్రకటించారు. కండరం పని చేసినప్పుడు అది తరుగుతుంది, విశ్రాంతి తీసుకొన్నప్పుడు తిరిగి పెరుగుతుంది. 1929లో ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే మరొక పదార్థాన్ని వారు వేరు చేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. నేడు ఏటీపీ అన్న పొడి అక్షరాలతో ప్రతి జీవశాస్త్ర విద్యార్థీ నేర్చుకొనే పదార్థం ఇదే. సకల జీవకణాలలోను శక్తిని మోసే పదార్థం ఏటీపీ అన్న సిద్ధాంతాన్ని 1941లో ఫ్రిట్జ్ లిప్మన్ స్పష్టంగా ప్రతిపాదించారు.

ఏటీపీ ప్రాముఖ్యాన్ని ఒక రైతు ఇంటి ఉపమానంతో గ్రహించవచ్చు. గాదెలో ధాన్యం ఉన్నది. అది కాలేయంలోను, కండరాలలోను దాగిన గ్లైకోజన్ వంటిది. సంతకు పోయే బండిమీద బియ్యం బస్తాలు ఉన్నాయి. అవి రక్తంలో ప్రవహించే గ్లూకోజు వంటివి. కాని పొలంలో పని చేసిన కూలీకి సాయంత్రం ఇవ్వవలసినది చేతిలోని రూపాయి. ఆ రూపాయే ఏటీపీ. గాదె నిండుగా ఉన్నా, బండ్లు వీధిలో బారులు తీరి ఉన్నా, బియ్యం అంగడికి చేరి రూపాయిగా మారనిదే ఇల్లు గడవదు. బండిని అంగడిలోనికి రానిచ్చే తలుపును తెరిచేది ఇన్సులిన్. క్లోమం ఇన్సులిన్‌ను తయారు చేయలేకపోతే అది ఒకటవ రకం మధుమేహం. ఇన్సులిన్ ఉన్నా కణాలు దాని మాట సరిగా వినకపోవడం, క్రమంగా ఇన్సులిన్ కూడ చాలకపోవడం రెండవ రకం. రెండింటిలోను వీధిలో బండ్లు పేరుకుపోతాయి. అదే రక్తంలో చక్కెర పెరగడం.

సుబ్బారావు వేరు చేసిన ఏటీపీకి మధుమేహంతో ఇంతకంటె సన్నిహితమైన సంబంధం కూడ ఉన్నదని అనంతర కాలపు పరిశోధనలు తెలిపాయి. క్లోమంలోని బీటా కణాలు రక్తంలో చక్కెర పెరిగిన సంగతిని ఏటీపీ ద్వారానే పసిగడతాయి. భోజనానంతరం గ్లూకోజు ఆ కణాలలో ప్రవేశించి ఏటీపీగా మారుతుంది. ఏటీపీ పెరగగానే కణపు పొరలోని పొటాషియం ద్వారాలు మూసుకొంటాయి. అప్పుడు కాల్షియం లోనికి ప్రవేశిస్తుంది. దాని ప్రేరణతో కణంలో సిద్ధంగా ఉన్న ఇన్సులిన్ రక్తంలోనికి విడుదలవుతుంది. మధుమేహ రోగులు వాడే గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు ఆ పొటాషియం ద్వారాలను మూసే పనినే చేస్తాయి. అందువల్లనే వాటిని మింగి భోజనం మానివేస్తే చక్కెర మితిమీరి పడిపోయే ప్రమాదం ఉంటుంది. సుబ్బారావు నాడు మధుమేహానికి మందు వెతకలేదు. శరీరం శక్తిని ఎట్లా వినియోగిస్తుందో మాత్రమే వెతికారు. మూలాన్ని వెతికినవాని శ్రమ ఎన్ని శాఖలకు నీరు పోస్తుందో చెప్పడానికి ఇదొక నిదర్శనం.

1930లో హార్వర్డు విశ్వవిద్యాలయం సుబ్బారావుకు పిహెచ్.డి. పట్టా ప్రదానం చేసింది. 1934లో ఫోలిన్ మరణించారు. సుబ్బారావు కాలేయంలో ఉండే రక్తవర్ధక పదార్థాల మీద పరిశోధన కొనసాగించారు. ఎంత సాధించినా హార్వర్డులో ఆయనకు శాశ్వతమైన ఆచార్య పదవి లభించలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ ఔషధ పరిశోధనశాలలో చేరి, అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించారు.

అక్కడ గడిపిన ఎనిమిదేండ్లలో ఆయన నాయకత్వంలో జరిగిన కృషి ఒక మనిషి జీవితానికి మించినది. 1945 నాటికి ఆయన బృందం ఫోలికామ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఇద్దరు సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలోని రక్తహీనతకు అది దివ్యౌషధమయింది. యౌవనంలో ఆయనను ఇల్లు కదిలించిన ప్రశ్నకు ఆ విధంగా సమాధానం దొరికింది. ఫోలికామ్లానికి విరుద్ధంగా పని చేసే ఎమైనోప్టెరిన్ అనే పదార్థాన్ని కూడ వారు తయారు చేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దానితో రక్తకేన్సరు సోకిన బాలలకు చికిత్స చేసి, వ్యాధి తాత్కాలికంగానైనా వెనుకంజ వేయగలదని 1948లో నిరూపించారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ కేన్సరుకు, కీళ్ళవాతానికి వాడుకలో ఉన్నది. బోదకాలుకు మందైన హెట్రజాన్ ఆయన పర్యవేక్షణలోనే 1947లో వెలువడింది. గోదావరి తీర గ్రామాలలో బోదకాలు నివారణకు ఇంటింటా పంచిపెట్టిన డీఈసీ మాత్రలు ఆ మందే. టెట్రాసైక్లిన్ వర్గపు తొలి ఔషధమైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది కూడ ఆ పరిశోధనశాలలోనే, ఆయన సారథ్యంలోనే.

ఇంత చేసినా సుబ్బారావు ప్రచారానికి దూరంగా నిలిచారు. పరిశోధన ఫలితాలు వెలువడినప్పుడు సహచరులను ముందుకు నెట్టి తాను వెనుక వరుసలో ఉండేవారు. అమెరికాలో ఇరవై ఆరేండ్లు గడిపినా జీవితాంతం భారతీయుడుగానే ఉన్నారు. స్వదేశానికి తిరిగి రావడం మాత్రం సాధ్యపడలేదు. 1922లో వీడ్కోలు చెప్పిన భార్య శేషగిరిని ఆయన మళ్ళీ చూడలేదు. మానవాళికి అందిన మేలులో ఆ ఇల్లాలి నిరీక్షణ కూడ ఒక పాలు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏట, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు యాభై మూడేండ్లు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది. ఒక జాతి శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 2022లో పశ్చిమగోదావరి జిల్లాకు భీమవరం కేంద్రమయింది.

సుబ్బారావు పుట్టిన సీమ నేడు మరొక పరీక్షను ఎదుర్కొంటున్నది. పూర్వం పెంటపాడు వంటి గ్రామాల రైతు దంపుడు బియ్యపు అన్నం తిని, తెల్లవారినది మొదలు ప్రొద్దు గుంకే దాకా చేలో శ్రమించేవాడు. తిన్నది కండరాలలో ఏటీపీగా మారి ఖర్చయ్యేది. నేడు నాగలి స్థానంలో ట్రాక్టరు, కాలినడక స్థానంలో మోటారు సైకిలు వచ్చాయి. బాగా మర పట్టిన తెల్లని బియ్యం త్వరగా జీర్ణమై రక్తంలోనికి చక్కెరను వేగంగా విడుదల చేస్తుంది. కంచంలో అన్నపు రాశి తగ్గలేదు, ఒంటికి శ్రమ తగ్గింది. వారసత్వం కూడ తోడైనప్పుడు మధుమేహం సులభంగా తలుపు తడుతుంది.

ఈ వ్యాధి మొదట్లో నొప్పి కలిగించదు. అతిదాహం, అతిమూత్రం, నీరసం, మానని పుండ్లు కనిపించేసరికి ఎంతో కాలం గడిచి ఉండవచ్చు. కనుక లక్షణాల కోసం ఎదురుచూడక కొలత మీద ఆధారపడాలి. పరగడుపున నూరు మిల్లీలీటర్ల రక్తంలో చక్కెర 100 మిల్లీగ్రాముల కంటె తక్కువగా ఉండడం సహజం. 126 లేదా అంతకు మించి ఉన్నట్లు తిరిగి చేసిన పరీక్షలో కూడ తేలితే అది మధుమేహం. నడుమ ఉన్నవారు మధుమేహపు గడపలో నిలిచినవారు. వారు ఆహారాన్ని సవరించుకొని, నడక అలవరచుకొని వ్యాధిని ఆపగలరు, లేదా వాయిదా వేయగలరు. చక్కెర రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అంటుకొని ఉంటుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు జీవిస్తుంది. కనుక హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటును తెలుపుతుంది. అందులో 6.5 శాతం, అంతకు మించిన విలువ మధుమేహాన్ని సూచిస్తుంది. పరీక్షకు ముందు రోజు మాత్రం తీపి మానివేసి వైద్యుని మెప్పించాలనుకొనేవారి గుట్టును ఈ పరీక్ష బయటపెడుతుంది.

మధుమేహం ఉన్నదని తెలియడం జీవితానికి ముగింపు కాదు. అన్నాన్ని పూర్తిగా విడిచిపెట్టనక్కర లేదు. దాని పరిమాణాన్ని తగ్గించి, కంచంలో సగభాగం కూరలకు, ఆకుకూరలకు కేటాయించి, పప్పు, చేప వంటి మాంసకృత్తులను చేర్చుకోవాలి. కొల్లేటి సీమలో చేపలకు కొదువ లేదు. వేపుడు కంటె పులుసు మేలు. రోజూ అరగంట వడిగా నడిస్తే పని చేసే కండరం ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే గ్లూకోజును లోనికి తీసుకొంటుంది. కూలీ పనికి పిలిస్తే బండి అంగడిలోనికి తనంతట తానే వచ్చినట్లన్నమాట. వైద్యుడు చెప్పిన మందును అంకెలు బాగున్నాయని మధ్యలో మానరాదు. అంకెలు బాగున్నది ఆ మందు వల్లనే కావచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కనిపించి చక్కెర 70 కంటె పడిపోతే వెంటనే గ్లూకోజు గాని, పంచదార నీరు గాని త్రాగాలి. పాదాలను ప్రతిదినం పరీక్షించుకోవాలి. కళ్ళను, మూత్రపిండాలను ఏటేటా పరీక్ష చేయించుకోవాలి. రక్తపోటును అదుపులో ఉంచుకోవాలి. పొగత్రాగడం మానాలి. మధుమేహం ఉన్న స్త్రీ గర్భం ధరించదలచినప్పుడు ముందుగానే చక్కెరను అదుపులోనికి తెచ్చుకొని, వైద్యుని సలహాపై ఫోలికామ్లపు మాత్రలు వాడాలి. పుట్టబోయే శిశువు వెన్నుపాము, మెదడు సక్రమంగా రూపొందడానికి అది తోడ్పడుతుంది. సుబ్బారావు బృందం తయారు చేసిన ఆ మాత్ర ఆయన చూడని తరాలను కూడ కాపాడుతున్నది.

సుబ్బారావు జీవితం నుండి నేర్వవలసిన పాఠాలు పెక్కు. పరీక్షలో తప్పినా పట్టు విడువలేదు. తక్కువ పట్టా ఇచ్చినా విద్యను తక్కువ చేసుకోలేదు. ఆసుపత్రిలో చేసిన నీచమనిపించే కొలువును నామోషీగా భావించలేదు. ఇంట జరిగిన మరణాలను విధివిలాసమని సరిపెట్టుకోక, వాటి కారణాన్ని వెతికారు. వెతికే క్రమంలో ఊహను నమ్మక కొలతను నమ్మారు. మధుమేహంతో జీవించేవారికి కావలసినది కూడ అదే క్రమశిక్షణ. తన రక్తంలోని చక్కెర అంకెను తెలుసుకొని, దాని అర్థాన్ని గ్రహించి, రోజువారీ జీవితాన్ని దానికి అనుగుణంగా దిద్దుకొనే మనిషి తన శరీరానికి తానే ఒక చిన్న శాస్త్రవేత్త. గోదావరి నీటితో పండిన గింజ ప్రాణశక్తిగా మారే మార్గాన్ని ప్రపంచానికి చూపినవాడు ఈ మట్టిలోనే పుట్టాడు. ఆ శక్తిని సద్వినియోగం చేసుకొని ఆరోగ్యంగా జీవించడమే ఆయనకు ఈ సీమ అర్పించగల నివాళి.